చూపించే షహర్, చూపించని షహర్

హైదరాబాదును కొత్తవాళ్లకు పరిచయం చేసే రాతలు కుప్పలుగా ఉన్నాయి. టూరిజం శాఖ కరపత్రాలు, గైడు పుస్తకాలు, పత్రికల ప్రత్యేక సంచికలు, గోల్కొండ కోటలో చీకటి పడ్డాక జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన, నగరం చూపించే బస్సుల్లో గైడ్లు వల్లించే పాఠం. వీటన్నిటినీ కలిపి ఒక రకం సాహిత్యంగానే చూడాలని మేం అంటున్నాం. కథకూ కవిత్వానికీ విమర్శకులున్నారు. దీనికి లేరు. ఎవరూ సంతకం పెట్టని రాత కదా అని వదిలేశారు. కాని జిల్లాల్లో బతికే ఒక మామూలు ముసల్మాను గురించి ఎదుటివాడి మనసులో ముందుగా పడే బొమ్మ ఏ కథలోంచో, ఏ కవితలోంచో రావడం లేదు. ఈ సంతకం లేని రాతల్లోంచే వస్తోంది.

మేం బొగ్గుబాయిల నడుమ బతికేవాళ్లం. రామగుండం, గోదావరిఖని మా ఊళ్లు. ఇక్కణ్ణుంచి రాజధానికి పోవడానికి మావాళ్లు ఎక్కే రైళ్లలో ఒకటి కాగజ్‌నగర్ నుంచి వచ్చే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్. అంటే మేం షహర్‌లో కాలు పెట్టకముందే, షహర్ పేరు మీది పంచాయితీలో కూర్చుని ప్రయాణం చేస్తున్నామన్నమాట. ఆ పేరు దగ్గరే మొదలుపెడదాం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ ఒడ్డున కొత్త నగరం కట్టించాడు, చార్మినార్ లేపాడు. ఇంతవరకు పేచీ లేదు. వెంటనే భాగమతి వస్తుంది. యువరాజు వరదలో ఏరు దాటడం, ఆమె పేర భాగ్‌నగర్, ఆ తర్వాత హైదర్ మహల్, ఆపైన హైదరాబాద్. ఆ కాలానికే చెందిన ఫిరిస్తా భాగ్‌నగర్ పేరు రాశాడు. కుతుబ్‌షాహీల చరిత్ర మీద జీవితమంతా పని చేసిన హరూన్ ఖాన్ షేర్వానీ ఈ ప్రేమకథకు గట్టి ఆధారం లేదన్నాడు. తోటల ఊరు కనక బాగ్‌నగర్ అయ్యుండవచ్చని వాదించాడు. ఆమె ఉందా లేదా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మాకు పట్టింపు ఆ కథను వాడుకున్న తీరుతోనే. తెలుగు కవులు ముద్దుగా పిలుచుకున్న భాగ్యనగరం 2020 నగరపాలక సంస్థ ఎన్నికల నాటికి హైదరాబాద్ పేరు మార్చాలనే నినాదమైంది. ఒక ముసల్మాను రాజు తన ప్రియురాలి పేర ఊరు కట్టాడన్న కథతోనే ఆ రాజు పెట్టిన పేరు చెరిపెయ్యాలంటున్నారు! ఇవాళ ఏ కులీ అయినా ప్రేమ కోసం మూసీ దాటితే దానికి పెట్టే పేరు వేరేగా ఉంటుందని పాఠకులకు చెప్పనక్కర్లేదు.

భాగమతితో ఆగితే బాగుండేది. గోల్కొండకు పోతే తారామతి, ప్రేమామతి. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీకి పోతే కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా. నాలుగు వందల ఏళ్ల నగరం మూడు ప్రేమకథలకు కుదించుకుపోయింది. ఆ రెసిడెన్సీ గోడల మీదికే 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ జనాన్ని వెంటేసుకుని పోయారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత వెంటాడి చంపారు. మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీలో ఒక స్మారక స్తంభం ఉంది, ఒక రోడ్డుకు పేరుంది. బస్సు అక్కడ ఆగదు. తెల్లదొరను ప్రేమించిన ముస్లిం స్త్రీ కథ అమ్ముడుపోతుంది. తెల్లదొర మీద తుపాకీ ఎత్తిన రోహిల్లా కథ ఎవరిక్కావాలి?

కోటలో చెప్పే మరో కథ రామదాసు చెర. చెప్పాలి, చెప్పవలసిన కథే. అయితే అదే గోల్కొండలో అబుల్ హసన్ తానీషాకు మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలను పక్కన బెట్టి, చెరసాలను మాత్రమే చూపిస్తే చూసేవాడికి ఏం అర్థం కావాలి? ఇంకాస్త వెనక్కి పోతే ఇబ్రహీం కుతుబ్‌షా ఉన్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యమని మనం బడిలో చదువుకునే పొన్నిగంటి తెలగన్న యయాతి చరిత్ర ఎవరికి అంకితం? పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్‌కు. సంస్కృతం ముక్క లేని తెలుగు కావ్యాన్ని ఒక ముస్లిం అధికారి స్వీకరించాడు. గోల్కొండ చివరి కాలపు ఫర్మానాలు కొన్ని ఫార్సీలోనూ తెలుగులోనూ పక్కపక్కనే రాసి ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే మాలాంటివాళ్లకు ఇంతకంటే పెద్ద సనదు ఏం కావాలి? బస్సులో వల్లించే పాఠంలో మాత్రం ఈ ముక్క లేదు. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీద వినపడుతుందన్నదే పెద్ద విశేషం. అందరూ చప్పట్లు కొట్టి పైకెక్కుతారు.

ప్రేమ అయ్యాక సంపద. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా. చౌమహల్లాలో షాండిలియర్లు, పాత మోటారు కార్లు. 2010 నుంచి హోటలైపోయిన ఫలక్‌నుమా. 1937లో టైమ్ పత్రిక అట్ట మీద ఏడో నిజాం, ప్రపంచంలోకెల్లా ధనవంతుడు. ఆయన పేపర్‌వెయిట్‌గా వాడిన వజ్రం. ఈ వరస వింటున్నప్పుడు మా పిల్లలు ఏమవుతారో ఎవరూ ఆలోచించలేదు. మా బొగ్గు ఊరి నుంచి బడి పిల్లలు విహారయాత్రకు పోయినప్పుడు, ఒక గైడు మా పిల్లవాడి టోపీ చూసి నవ్వుతూ, ఇదంతా మీవాళ్లదే కదా బాబూ అన్నాడు. ఆయన మనసులో కల్మషం లేదు. ముద్దుగానే అన్నాడు. ఆ పిల్లవాడి తండ్రి బాయిలో ఫిల్లర్, తాత ఊరూరూ తిరిగి పరుపులకు దూది ఏకిన మనిషి. వాడి ఇంట్లో షాండిలియరు లేదు, రెండు గదుల కంపెనీ క్వార్టరుంది. తోటి పిల్లలు ఊరికి తిరిగొచ్చాక చాన్నాళ్లు వాణ్ణి నవాబూ అని పిలిచారు. గైడు పుస్తకం చేసే పని ఇది. రాజును చూపించి, రాజు మతాన్ని చూపించి, ఆ మతంలో పుట్టిన ప్రతివాడి చేతిలోనూ ఆ సంపద రసీదు పెడుతుంది. రేపు లెక్కలు తేల్చుకోవాలనుకునేవాడు ఆ రసీదు పట్టుకుని మా ఇంటికే వస్తాడు.

ఆ సంపద ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ గైడూ చెప్పడు. శిస్తుల నుంచి, సర్ఫెఖాస్ భూముల నుంచి, జాగీర్ల నుంచి, వెట్టి నుంచి వచ్చింది. కొంత మా కాళ్ల కింది నుంచి కూడా వచ్చింది. 1871లో భూగర్భ శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తవ్వుకునే హక్కులు పట్టుకుపోయింది. 1889 నుంచి బొగ్గు పైకి రావడం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొని చేతిలోకి తీసుకుంది. ఇప్పుడది రాష్ట్రానిది 51 వంతులు, కేంద్రానిది 49 వంతులు. కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలుదారి 1929లో పూర్తయింది. మా గోదావరిఖనిలో బాయిలు లేచింది 1960ల నుంచి. కరీంనగర్, వరంగల్, నల్గొండ, ఖమ్మం ఊళ్లలో భూమి లేనివాళ్లు, భూమి పోయినవాళ్లు, దొరల ఊళ్లలో ఉండలేక బయటపడ్డవాళ్లు అన్ని కులాల నుంచి, మతాల నుంచి వచ్చి ఇక్కడ దిగారు. వాళ్లతోపాటు మావాళ్లూ దిగారు. పునుగు దీపం పట్టుకుని పాతాళానికి దిగినవాడు ఏ మతంవాడైనా పైకొచ్చేసరికి ఒకే రంగులో ఉంటాడు. ఈ మాట మా దగ్గర పాతబడిపోయింది, అయినా నిజం.

రాజధాని దీపాలకూ ఈ బాయిలకూ ఉన్న తాడు 2011లో అందరికీ కనిపించింది. సకల జనుల సమ్మెలో సింగరేణి నెలరోజులకు పైగా ఆగిపోతే కరెంటు కోతలు రాజధాని దాకా పోయాయి. రామగుండంలో ఎన్టీపీసీ పొగగొట్టాలు 1983 నుంచి ఊదుతున్నాయి. 2600 మెగావాట్లు. ఆ బూడిద మా కప్పుల మీద, వెలుగు ఎక్కడో. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు ఆ లెక్కలో సగం కూడా లేరు. భూగర్భ బాయిలు మూతపడి ఓపెన్ కాస్టులు పెరిగాయి. ఈ ఖర్చంతా రాజధాని కథలోని భాగం కాదా? ఢిల్లీ నుంచి వచ్చినవాడికి మా బాయిలు చూపించమని అడగడం లేదు. ఈ ఊరు దేని మీద నిలబడిందో ఒక వాక్యం రాయమంటున్నాం.

1908 సెప్టెంబరు 28 మూసీ వరద సంగతి గైడు పుస్తకాల్లో ఉంటుంది. వేల మంది కొట్టుకుపోయారని, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడని, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని ఉంటుంది. ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఎందరి ప్రాణాలనో కాపాడిన చింతచెట్టు కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆ రాత్రి తల్లిని, భార్యను, కూతురిని వరదకిచ్చి ఒంటరిగా మిగిలిన అమ్జద్ హైదరాబాదీ మాత్రం కనిపించడు. రుబాయీ రాయడంలో ఉర్దూ లోకమంతా తలవంచిన కవి ఆయన. నవాబు కాదు, చిన్న ఉద్యోగి. ఇంజనీరు పేరు, చెరువు పేరు మిగిలాయి, ఏడ్చినవాడి పేరు పోయింది.

ఇక 1948. ఈ ఏడాది దగ్గరికి వచ్చేసరికి పరిచయ రాతలన్నీ గొంతు సవరించుకుంటాయి. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న ఉస్మాన్ అలీ ఖాన్ లొంగిపోయాడు, విలీనం జరిగింది. రెండు వాక్యాలు. రాజకీయంగా తెగించినవాళ్లు రజాకార్ల దురాగతాలు కలిపి నాలుగు వాక్యాలు చేస్తారు. రజాకార్ల పాపాన్ని మేం కడిగిపెట్టం. బైరాన్‌పల్లి మరిచిపోయే ఊరు కాదు. ఆ మంటలు మా ఊళ్లలో ఎవరి ఇళ్లను కాల్చాయో మా పెద్దలకు తెలుసు. కాని పోలీస్ యాక్షన్ తర్వాత ఏం జరిగింది? నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 చివరి నెలల్లో సంస్థానమంతా తిరిగారు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది దాకా ఉంటారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఘోరం. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది నవాబులు కారు. నవాబులు తమ దేవిడీల్లో క్షేమంగానే ఉన్నారు, ఏడో నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. చచ్చింది గ్రామాల ముసల్మానులు. మేం ముందుగా చెప్పిన రసీదు మాట గుర్తుందా? అది మొదటిసారి వసూలైంది అప్పుడే.

ఈ 1948లోనే మాకు ఇంకో మనిషి కావాలి. షోయబుల్లా ఖాన్. ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు. సంస్థానం ఇండియాలో కలవాలని, రజాకార్లు ఆగాలని రాశాడు. ఆ ఆగస్టులో పత్రికాఫీసు నుంచి ఇంటికి పోతుంటే నడివీధిలో కాల్చి, రాసిన చేతిని నరికారు. చిన్న వయసు. ఉర్దూలో రాసే ముసల్మాను, ముసల్మానుల పేర రాజ్యం చేయబోయినవాళ్లను ఎదిరించి చచ్చాడు. ఇటువాళ్ల కథలోనూ అటువాళ్ల కథలోనూ ఆయన ఇమడడు. నిజాం పాలనను ఇస్లాం పాలనగా చూపాలనుకునేవాళ్లకు ఆయన అడ్డం. నిజాంను తలుచుకుని కన్నీళ్లు పెట్టే మా షహర్ పెద్దలకూ అడ్డమే. అందుకే ఏ బస్సూ అటు తిరగదు.

పెద్దల మాట వచ్చింది కనక అదీ అనేద్దాం. తప్పంతా టూరిజం శాఖది కాదు. గంగా జమునా తెహజీబ్ అని ఉర్దూలో పుంఖానుపుంఖాలుగా రాసే మనవాళ్లదీ ఉంది. దస్తర్‌ఖాన్, షేర్వానీ, తస్లీమ్, ముషాయిరా. చదువుతుంటే హాయిగానే ఉంటుంది. కాని ఆ తెహజీబ్‌లో వంట చేసినవాడు, పల్లకి మోసినవాడు, దేవిడీ ఊడ్చినవాడు ఎక్కడ? హిందువుతో నవాబు కలిసి భోంచేయడం కలయికే, కాదనం. అయితే ఇద్దరూ జాగీర్దార్లే అయిన చోట కలవడం కష్టమేం కాదు. ఒకే ట్రామును ఇద్దరు నెడుతున్నప్పటి కలయిక వేరు. దాని మీద ముషాయిరాలు జరగలేదు. తెలుగు లౌకికవాదులు కూడా ఈ నాస్టాల్జియానే మాకు బహుమతిగా ఇస్తుంటారు. బిర్యానీ మెచ్చుకుని, ఖవ్వాలీ విని, మా మీద ప్రేమ చాటుకుంటారు. ప్రేమకు షుక్రియా. కాని మమ్మల్ని వంటింట్లోనో మజార్ దగ్గరో మాత్రమే గుర్తుపట్టే ప్రేమ సగం ప్రేమే.

ఇప్పటి నగరం గురించిన భాగం మరీ పల్చన. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పటినుంచి పరిచయ పుస్తకాలకు రెండు అధ్యాయాలే. ఒకటి పాతబస్తీ, రెండు హైటెక్ సిటీ. పాతబస్తీ అంటే గతం, హైటెక్ అంటే భవిష్యత్తు. మరి వర్తమానం? చార్మినార్ చుట్టూ ఇప్పుడు బతుకుతున్న లక్షల మందిని ఆ పుస్తకాలు గతంలోనే అద్దెకు ఉంచాయి. గాజులు, ముత్యాలు, హలీం, ఫోటో, మళ్లీ బస్సు. ఇంకో పక్క వార్తాపత్రికలకు అదే చోటు సున్నిత ప్రాంతం. 1978లో రమీజాబీ ఉదంతం, 1990 డిసెంబరు మంటలు, కర్ఫ్యూలు. పొద్దున పూట అందం, సాయంత్రం అనుమానం. ఈ రెండింటికీ నడుమ బడికి పోయే అమ్మాయి, జరీ పని చేసే ఆడమనిషి, అద్దె ఆటో నడిపే పిల్లవాడు ఉన్నారని రాయడానికి ఒక పేజీ దొరకలేదు. ఆజామాబాద్ పారిశ్రామికవాడ, 1942లో పుట్టిన ఆల్విన్, ప్రాగా టూల్స్ లాంటి కార్ఖానాల నగరం అయితే నవాబులకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య పడి మాయమైపోయింది. మఖ్దూం మొహియుద్దీన్ కవిత్వం చదివింది, సంఘం కట్టింది ఆ నగరంలో. ట్యాంక్‌బండ్ మీద ఆయన బొమ్మ ఉంది. బొమ్మ దగ్గర ఆయన ప్రేమగీతాలు తలుస్తారు, సంఘం తలవరు.

మంచి నమూనాలు లేవా అంటే ఉన్నాయి. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామి 1927లో ఇంగ్లీషులో తెచ్చిన ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది దక్కన్ చూడండి. ఏ మసీదు, ఏ గోరీ, ఏ బావి, దాని మీద ఏ శాసనం చెక్కి ఉందో ఓపికగా ఎత్తి రాసిన పుస్తకం. దానికి పొగడ్త తక్కువ, చూపు ఎక్కువ. లోపం ఏమంటే రాళ్లను చదివినంత శ్రద్ధగా మనుషులను చదవలేదు. అది ఆ కాలం పద్ధతి. మనుషులను చదివినవాడు పరవస్తు లోకేశ్వర్. షహర్‌నామాలో ఆయన వీధి వీధికీ పోయి పేరెందుకొచ్చిందో అడుగుతాడు. తెలుగులో, మన యాసకు సిగ్గుపడకుండా. ఉర్దూ రాని తెలుగు పాఠకుడికి ఇప్పటికీ మేం చేతిలో పెట్టే పుస్తకం అదే. కథల మీది మోజులో అక్కడక్కడా విన్నదల్లా రాసేశాడన్న ఫిర్యాదు మాకుంది. మా ఉత్తర తెలంగాణ వాడైన సామల సదాశివ యాది మరో దారి. ఆదిలాబాద్‌లో కూచుని హైదరాబాద్ ఉర్దూ, ఫార్సీ, సంగీత లోకాలను తెలుగు ఇంటి వసారాలోకి తెచ్చాడు. జిల్లా నుంచి రాజధానిని చూడవచ్చని, అలా చూస్తే వెలితేమీ లేదని మాకు ఆయన దగ్గరే ధైర్యమొచ్చింది.

అసలు సందర్శకుడు ఎవరు? గైడు పుస్తకాల లెక్కలో కెమెరా వేలాడేసుకుని విమానం దిగినవాడు. మా లెక్కలో వేరే. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పెద్దాసుపత్రికి కాగితం పట్టుకుని వచ్చిన రిటైర్డు కార్మికుడు. నాంపల్లి హజ్ హౌస్‌లో కాగితాలు ఇవ్వడానికి జీవితంలో మొదటిసారి వచ్చిన ముసలి జంట. దుబాయి విమానం ఎక్కబోతూ రాత్రి యూసుఫైన్ దర్గా వసారాలో పడుకునే కుర్రాడు. చెల్లె పెళ్లికి లాడ్ బజారులో గాజులు కొనేవాళ్లు. 1938లో స్థానిక సరుకుల కోసం మొదలై ఇప్పటికీ ఏటా జనవరిలో నడిచే నుమాయిష్‌కు పిల్లలను తోలుకొచ్చేవాళ్లు. వీళ్లకు షహర్ పరిచయం చేసే పుస్తకం ఒక్కటీ లేదు. ఏ దవాఖానకు ఏ బస్సు, ఏ సర్కారు ఆఫీసుకు ఎటు అన్నది కూడా చరిత్రే. ఉస్మానియా దవాఖాన అఫ్జల్‌గంజ్‌లో ఎందుకుందో చెబుతూ ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో కూడా చెప్పే పుస్తకం రావాలి.

అలాంటి పుస్తకానికి ముందుమాట భాష మీద రాయొచ్చు. మా బాయిల్లో పనికి రాకపోతే నాగా అంటారు. అది ఫార్సీ దారిన ఉర్దూలోకి వచ్చిన మాట. పని చూపేవాడు మైనింగ్ సర్దార్. హాజరు, మరమ్మతు, జాగా, దవాఖాన. ఈ మాటలు పలికే తెలుగు కార్మికుడికి తాను ఉర్దూ మాట్లాడుతున్నానని తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. చార్మినార్ చూడకముందే చార్మినార్ వాడి నాలుక మీదుంది. 2014లో తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం లోపల చార్మినార్ పెట్టారు. 2024లో ముద్ర మార్చాలని చూస్తే గొడవై ఆగింది. ముద్రలో ఉండాలా వద్దా అని వాళ్లు వాదించుకుంటున్నప్పుడు మేం ఈ మాటల్నే తలుచుకున్నాం.

బస్సు చివరి మజిలీ హుస్సేన్‌సాగర్. నడుమ 1992లో నిలబెట్టిన బుద్ధుడు, ఒడ్డున తోటలు, పక్కన పెద్ద సినిమా హాలు, ఐస్‌క్రీం బండ్లు. ఆ ఒడ్డున 1920లో బొగ్గుతో నడిచే కరెంటు కార్ఖానా ఒకటి లేచింది. నగరానికి దీపాలు పెట్టిన ఆ కార్ఖానాను 1980లలో ఆపేశారు, 1995లో కూల్చేశారు. ఇప్పుడక్కడ దాని పేరు రాసిన పలక వెతికితే దొరకదు. మా ఊరివాళ్లను షహర్‌కు తీసుకుపోయినప్పుడు మేం మాత్రం అక్కడ ఆపుతాం. ఇక్కడ బొగ్గు కాలేది అని చెబుతాం. ముసలివాళ్లు ఒక్క నిమిషం నిలబడి నేల వంక చూస్తారు.